అక్కడ కోరంగి, ఇక్కడ రంగం

మా మామ్మని ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పేరు ఉంది, రేషన్ కార్డులో ఉంది, ఓటర్ల జాబితాలో ఉంది, కానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. రంగం మామ్మ, రంగం పిన్ని, రంగం ఒదిన. ఆవిడ ఎదుట లేకపోతే రంగంది. మా అమ్మ రంగందాని కోడలు, నేను రంగందాని మనవరాలిని. రంగం అంటే రంగూన్ అని ఇప్పటి పిల్లలకి చెప్పాల్సి వస్తోంది గానీ, నా చిన్నప్పుడు మా వైపు ఆ మాట తెలియని ఇల్లు లేదు. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు రంగం వెళ్ళొచ్చినవాళ్ళు, వెళ్ళి రానివాళ్ళు ఉండేవారు.

మాది కాకినాడ నుంచి యానాం పోయే దారిలో కోరంగి పక్కన చిన్న ఊరు. ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క కాలవ దాటితే మడ అడవి, ఆ వెనకాల సముద్రం. మా ఇంటి పెరట్లో నుయ్యి పక్కన ఒక వెలగ చెట్టు ఉండేది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి వీధిలో వాళ్ళంతా మా ఇంటికే వచ్చేవారు కాయల కోసం. మామ్మకి మాత్రం కాయలతో పని లేదు, పట్టతో పని. పొద్దున్నే స్నానం చేసి, చాకుతో చిన్న పెచ్చు లేపి, గంధం సాన మీద నాలుగు చుక్కలు నీళ్ళు పోసి గుండ్రంగా అరగదీసి, ఆ పసుపు పచ్చని ముద్దని రెండు బుగ్గల మీద అరచేతి వెడల్పున రాసుకునేది. ఎండితే తెల్లగా పొలుసులా అయ్యేది. అలాగే వంట చేసేది, అలాగే వీధిలోకి వెళ్ళేది. బర్మాలో ఆడపిల్లలు, పిల్లలు అందరూ రాసుకుంటారు, దాన్ని తనఖా అంటారు. అక్కడ దానికని వేరే చెట్టు ఉంది, వెలగ పట్ట కూడా వాడతారు. ఇక్కడికొచ్చిన కొత్తలో పెరట్లో ఈ చెట్టు చూసి, పట్ట గీరి వాసన చూసి, అక్కడే కూర్చుని ఏడ్చేసిందట. ఈ మాట మామ్మ చెప్పలేదు, మా తాతయ్య చెప్పాడు.

ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు. మనం పసుపు రాసుకుంటే అది లక్షణం, మామ్మ వెలగ పట్ట రాసుకుంటే అది వేషం. మా అమ్మ అయితే సిగ్గుతో చచ్చిపోయేది. "అత్తయ్యగారూ, ఎవరైనా వస్తే కడిగేసుకోండి" అని బతిమాలేది. మామ్మ సరే అనేది గానీ కడుక్కునేది కాదు.

ఇంకో సంగతి. మామ్మ వాకిట్లో ముగ్గు పెట్టడం అయ్యాక చేతిలో మిగిలిన పిండితో ఒక మూలన ఏవో గుండ్రటి అక్షరాలు రాసేది. నేను అప్పుడు ఒకటో తరగతి, కొత్తగా అక్షరాలు వస్తున్నాయి కాబట్టి ఎక్కడ రాత కనిపించినా చదివెయ్యాలని ఆత్రం. "మామ్మా, ఇది సున్నా కదూ" అంటే "సున్నా కాదే, వ" అనేది. ఇంకొకటి చూపిస్తే "ఇది గ" అనేది. ఆ గ మాత్రం మన గ లాగే ఉండేది, తలకట్టు లేదంతే. తెలుగు రాతా బర్మా రాతా ఎప్పుడో దక్షిణ దేశపు బ్రాహ్మీ లిపిలోంచి చీలిన కొమ్మలేనని చాలా ఏళ్ళ తరవాత చదివాను. అప్పుడు నాకు తెలిసిందల్లా, చూస్తే మన అక్షరాల్లా ఉన్నాయి, చదవబోతే రావడం లేదు. మామ్మ మొహం కూడా నాకు అలాగే ఉండేది, నిజం చెప్తున్నాను.

మామ్మ వాళ్ళ నాన్న మా కోరంగి పక్క మనిషే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వెళ్ళాడు. గోదావరి జిల్లాల నుంచీ విశాఖపట్నం, గంజాం వైపు నుంచీ అప్పట్లో వేలకి వేలమంది రేవు పనికి, బియ్యం మిల్లులకి అలా వెళ్ళినవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే ఉండేవారంటే ఆలోచించండి. అక్కడ తెలుగు కూలీలందరినీ ఒకే మాటతో పిలిచేవారు: కోరంగీలు. ఒకప్పుడు ఓడలు కోరంగి రేవు నుంచి వెళ్ళేవి గనక ఆ పేరు పడింది. 1839 తుఫానుతో కోరంగి దెబ్బతింది, తరవాత మేట వేసి రేవే లేకుండా పోయింది, ఓడలు కాకినాడకి మారిపోయాయి. అయినా ఆ పేరు మాత్రం సముద్రం అవతల మనుషుల మీద అలాగే ఉండిపోయింది. శ్రీకాకుళం వాడైనా, పాలకొల్లు వాడైనా, కోరంగి అనే ఊరు ఎటు ఉందో తెలియని వాడైనా అక్కడ కోరంగీయే. మారిషస్‌లోనూ చెరకు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళని ఇదే పేరుతో పిలిచారు. మలయాలో క్లింగ్ అన్నారు, అది కళింగ అన్న మాటలోంచి వచ్చిందంటారు, ఇప్పుడు ఆ మాట అంటే అక్కడివాళ్ళకి తిట్టు. మా ఊరి పేరు ఒక జాతి పేరు అయిందని తెలిసినప్పుడు నాకు ముందు గర్వం వేసింది. ఆ పేరు ఎలాంటి గొంతుతో పిలిచేవారో మామ్మ అని చూపించాక ఆ గర్వం పోయింది.

మామ్మ వాళ్ళ అమ్మ బర్మా ఆవిడ. రేవు దగ్గర అన్నం అమ్మేదట. 1930లో మామ్మ పుట్టింది. అదే ఏడు మే నెలలో రంగూన్ రేవులో పెద్ద కొట్లాట జరిగింది. మన తెలుగు కూలీలు జీతాలు పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి, తరవాత రాజీ కుదిరి మనవాళ్ళని తిరిగి తీసుకుని వాళ్ళని పొమ్మన్నాయి. దొరలు వేసిన ముడి అది. కత్తులు దూసుకున్నది మాత్రం రెండు పక్కలా కడుపు కాలినవాళ్ళు. చాలామంది చచ్చిపోయారు, ఎక్కువ మనవాళ్ళే. మామ్మ వాళ్ళ నాన్నని అత్తగారి వాళ్ళు ధాన్యం బస్తాల వెనక నాలుగు రోజులు దాచి బతికించారు. ఆ నాలుగు రోజులూ నెలల పిల్ల ఏడవకుండా అమ్మ ఒళ్ళో ఎలా పట్టుకుందో, ఈ కథ మామ్మకి వాళ్ళ అమ్మ చెప్పింది, మామ్మ నాకు చెప్పింది, చెప్పినప్పుడల్లా నా నోరు తన చేత్తో మూసి చూపించేది.

ఇంకొకటి నేను పెద్దయ్యాక లెక్క వేసుకుంటే తెలిసింది. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి వేరు చేశారు. అప్పటిదాకా అది మనలాగే బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, కాకినాడ నుంచి మద్రాసు వెళ్ళినట్టే రంగూన్ వెళ్ళడం. ఆ రోజుతో వేరే దేశం. ఏడేళ్ళ మామ్మ ఆ రోజు కూడా పొద్దున్న లేచి, అదే వీధిలో ఆడుకుని, అదే అన్నం తిని పడుకుని ఉంటుంది. కాగితాల్లో మాత్రం పరదేశం పిల్ల అయిపోయింది.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. తరవాత జరిగింది మామ్మ ఎప్పుడూ వరసగా చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి చేపలు తోముతూ, ఒక్కోసారి నాకు జడ వేస్తూ చెప్పేది. ఆ ఏడాది 4, 5 లక్షలమంది మనవాళ్ళు బర్మా వదిలి వచ్చేశారంటారు, ఓడలు దొరకనివాళ్ళు కొండలెక్కి నడిచారు. మామ్మ వాళ్ళ నాన్న పన్నెండేళ్ళ కూతుర్ని తీసుకుని బయల్దేరాడు. అమ్మ రాలేదు. ముసలి తల్లి ఉంది, ఇల్లు ఉంది, ఆవిడ బర్మా మనిషి గనక ఆవిడకేం కాదు. కూతురికే భయం, ఎందుకంటే కూతురు నల్లగా నాన్న పోలిక. కలా పిల్ల. ఇండియా వాళ్ళని అక్కడ కలా అంటారు, అదీ ఆ గొంతుతోనే. యుద్ధం అయిపోగానే వచ్చేస్తాం అనుకున్నారు. తల్లీ కూతుళ్ళు మళ్ళీ చూసుకోలేదు. ఉత్తరాలు కూడా లేవు.

కాలేవా, తాము, పాలెల్, ఇంఫాల్, దిమాపూర్. ఈ పేర్లు మామ్మ ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేది, నేను మ్యాపులో వేలు పెట్టి చూసింది మాత్రం ఆవిడ పోయాకే. దారిలో కలరా, మలేరియా, నీళ్ళు లేవు. ఒకచోట దారి రెండుగా చీలిందట, ఒకటి తెల్లవాళ్ళది, ఒకటి నల్లవాళ్ళది. యూరోపియన్లని, ఆంగ్లో ఇండియన్లని మంచి దారిన పంపి మనవాళ్ళని వేరే దారిన తోలారని అప్పట్లో ఇక్కడ కాంగ్రెస్‌వాళ్ళు పెద్ద గొడవే చేశారని తరవాత చదివాను. మామ్మకి గుర్తున్నది ఒకే ఒక్క సంగతి. "మన రంగు వాడేనే, నల్లగా బొగ్గులా ఉన్నాడు. నెత్తిన టోపీ, కాళ్ళకి బూట్లు ఉన్నాయి. వాణ్ణి ఆ దారిలోకి పోనిచ్చారు. మా నాన్న నెత్తిన మూట ఉంది."

దిమాపూర్‌లో రైలెక్కి కలకత్తా, కలకత్తా నుంచి సామర్లకోట, అక్కడి నుంచి కాకినాడ, కాకినాడ నుంచి జట్కాలో కోరంగి. పదేళ్ళు కోరంగి అనిపించుకున్న పిల్ల నిజం కోరంగిలో దిగింది. దిగిన రోజునే వీధిలో పిల్లలు చుట్టూ మూగి, చిన్న కళ్ళూ, చప్పిడి ముక్కూ చూసి "బర్మా పిల్ల, బర్మా పిల్ల" అని వెంటపడ్డారట. మామ్మ ఈ మాట ఏ కోపమూ లేకుండా చెప్పేది: "అక్కడోళ్ళు నా రంగు చూశారే. ఇక్కడోళ్ళు నా కళ్ళు చూశారు."

ఇక కులం. రేవులో ఎవడిది ఏ పేట అని దొర అడగలేదు, అందరూ కోరంగీలే, బారకాసుల్లో పక్కపక్కన పడుకున్నారు, కొట్లాటలో అందరినీ కలిపే కొట్టారు. కాకినాడలో దిగీ దిగగానే ఎవరి పేటకి వాళ్ళు విడిపోయారు. ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు ఊరికి వచ్చాక ఒకరి గుమ్మం ఒకరు ఎక్కలేదు. మామ్మ వాళ్ళ నాన్న బర్మా ఆవిడని చేసుకున్నాడని కుల పెద్దలు కూర్చున్నారు. తప్పు కట్టించుకుని, కులానికి భోజనాలు పెట్టించుకుని, అప్పుడు కలుపుకున్నారు. పిల్ల సంగతేంటి అంటే, తండ్రి మనవాడు కాబట్టి పిల్ల మన పిల్లే అని తీర్పు. దానికి రుజువు కావాలి కాబట్టి మేనరికం, మేనత్త కొడుక్కి ఇచ్చి చేశారు. ఆయనే మా తాతయ్య. పిల్లకి పదమూడేళ్ళు, శారదా చట్టం ప్రకారం పద్నాలుగు నిండాలి. యానాం పది కిలోమీటర్ల లోపే, అది ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఈ చట్టం లేదు. అప్పట్లో జిల్లా అంతా చిన్నపిల్లల పెళ్ళిళ్ళకి అక్కడికే పరిగెత్తేది, అందుకే యానాంని కళ్యాణపురం అనేవారు. అలా మా మామ్మ ఇంగ్లీషువాళ్ళ ఇండియాలో పుట్టి, ఉన్నచోట ఉండగానే పరాయిదై, ఫ్రెంచి గడ్డ మీద పుస్తె కట్టించుకుని, మన దేశంలో ఓటు వేసింది. యానాం వాళ్ళకైనా అంతే, 1962లో యానాం ఇండియాలో కలిసే ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరులుగా ఉంటారా అని ఆరు నెలలు గడువు ఇచ్చారు. సంతకం పెట్టినవాడు ఫ్రెంచివాడు, పెట్టని వాడి తమ్ముడు భారతీయుడు, ఇద్దరూ తినేది అదే పులస పులుసు.

మామ్మ కళ్ళు మా నాన్నకి రాలేదు, నాకు వచ్చాయి. బళ్ళో నన్ను జపాను అనేవారు. ఏడుస్తూ ఇంటికొస్తే మా అమ్మ కాటుక పెద్దగా తీర్చి పంపేది, కళ్ళు పెద్దవిగా కనిపించాలని. కాలేజీకి హైదరాబాద్ వెళితే హాస్టల్లో ఆయ్ అంటావా అని ఏడిపించారు, ఉద్యోగానికి ఢిల్లీ వెళితే పక్కింటావిడకి నేను మద్రాసీని, కూరగాయల వాడికి నేపాలీని. ఇవన్నీ భరించాను. నేను చేసిన ఒక్క పనే ఇన్నేళ్ళూ భరించలేకపోతున్నాను, అది రాయడానికే ఈ రోజు కూర్చున్నాను.

1991లో నాకు పెళ్ళిచూపులు. రాజమండ్రి నుంచి వస్తున్నారు, మంచి సంబంధం, ఇంట్లో అందరికీ టెన్షన్. రంగం మాట ఎత్తొద్దని మా నాన్న అందరికీ చెప్పాడు. మామ్మ రెండు రోజులు కూర్చుని జంతికలు, పూతరేకులు చేసింది. వాళ్ళు వచ్చే గంట ముందు నేనే మామ్మ దగ్గరికి వెళ్ళి, "మామ్మా, నువ్వు వెనక గదిలో ఉండు, వాళ్ళు వెళ్ళేదాకా" అన్నాను. అమ్మ చెప్పమనలేదు, నాన్న చెప్పమనలేదు. నేనే అన్నాను. మామ్మ నా మొహం చూసి, "అలాగే తల్లీ" అని, బుగ్గల మీది తనఖా కడిగేసుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఏళ్ళ తరబడి మా అమ్మ బతిమాలినా కడుక్కోని మనిషి. పెళ్ళివారి అమ్మగారు "పిల్ల కళ్ళు ఎవరి పోలికండీ" అని అడిగితే మా అమ్మ "మా పుట్టింట్లో మేనత్త పోలికండీ" అంది. ఆ గదికీ హాలుకీ మధ్య పలకల గోడే, అన్నీ వినిపిస్తాయి. వాళ్ళు వెళ్ళాక మామ్మ బయటికి వచ్చి అడిగిన మొదటి మాట, "జంతికలు కరకరలాడాయన్నారా?"

సంబంధం కుదిరింది. పెళ్ళయిన వారానికి ఆయనతో అంతా చెప్పేశాను, ఎలా తీసుకుంటారో అని గుండె దడదడలాడుతుంటే. ఆయన, "మా తాత కూడా రంగం వెళ్ళొచ్చినవాడే, అక్కడ ఇంకో సంసారం ఉండేదట, మా అమ్మ చెప్పొద్దంది" అన్నారు. రెండిళ్ళ వాళ్ళూ ఒకే సంగతి దాచుకుని ఎదురెదురుగా కూర్చుని జంతికలు తిన్నారన్నమాట.

2020లో మా అమ్మాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. అక్కడ జనాభా లెక్కల ఫారంలో జాతి ఏమిటి అని అడుగుతారు, ఏషియన్ ఇండియన్ అని ఒక గడి ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ కూడా టిక్కు పెట్టొచ్చట. ఆ అమ్మాయే చెప్పింది: 1920 నుంచి 1940 దాకా లెక్కల్లో మనవాళ్ళకి హిందూ అని జాతి రాశారట, సిక్కైనా ముస్లిమైనా సరే. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన పౌరసత్వం కోసం కోర్టుకెక్కితే నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1970 లెక్కల్లో మళ్ళీ తెల్లవాళ్ళతో కలిపి లెక్కపెట్టారు, 1980లో ఏషియన్ ఇండియన్ అని విడిగా పెట్టారు. మనిషి అదే, ఇల్లు అదే, గడి మారింది. నాకు వెంటనే 1937లో మామ్మ గుర్తొచ్చింది. "అమ్మా, తాతమ్మ వాళ్ళ అమ్మ బర్మా ఆవిడే కదా, అదీ రాయనా?" అంది. రాయి అన్నాను. ఇంత చిన్న మాటకి నాకెందుకు అంత ఏడుపొచ్చిందో దానికి అర్థం కాక, అటు నుంచి "ఏమైందమ్మా" అని ఒకటే కంగారు.

అప్పుడు దానికి ఒక సంగతి చెప్పాను. 1994 శ్రావణంలో మామ్మ పోయింది. మా అమ్మాయి అప్పుడు ఏడాది పిల్ల, దానికేం గుర్తుంటుంది. తాతయ్య ఉండగానే పోయింది కాబట్టి ముత్తైదువ చావు, పేరంటాళ్ళు వచ్చి స్నానం చేయించి మొహానికి పసుపు రాయబోయారు. మా అమ్మ "ఒక్క నిమిషం ఆగండమ్మా" అని పెరట్లోకి వెళ్ళింది. చాకుతో వెలగ పట్ట లేపుకొచ్చి, సాన ముందేసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అరగదీసింది. మామ్మ ఎలా రాసుకునేదో అలాగే రెండు బుగ్గల మీద అరచేతి వెడల్పున రాసి, ఆ తరవాత పసుపు రాయమంది. పేరంటాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. తాతయ్య గుమ్మంలో నిలబడి మామ్మని పేరు పెట్టి పిలిచాడు, రేషన్ కార్డులో పేరు కాదు, వాళ్ళమ్మ పెట్టిన బర్మా పేరు. ఆయనకి ఆ పేరు తెలుసని ఆ రోజుదాకా నాకు తెలియదు.

వెలగ చెట్టు 1996 నవంబరు తుఫానుకి కూలిపోయింది. సాన ఉంది. అమ్మకి ఇప్పుడు 76 ఏళ్ళు, శుక్రవారం గంధం దాని మీదే తీస్తుంది.